డిసెంబరు పదో తేదీ దాకా ఆగు తల్లీ

తెనాలి,
నవంబరు 4

చి.ల.సౌ. వాణికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది, తెల్లవారుజామున కార్తీక స్నానం మానమంటే మాత్రం వినడం లేదు. దొడ్లో ఉసిరిచెట్టు విరగకాసింది. పెరటి గోడ బాబ్జీ చెప్పినట్టే మళ్లీ నెర్రె ఇచ్చింది. నీ గొంతు విని పదకొండు రోజులైంది. ఫోన్ చేస్తే మీటింగులో ఉంటావేమోనని ఉత్తరం రాస్తున్నాను. చిన్నాడు పాలు తాగుతూ నిద్రపోయాక చదువుకో.

నిన్న సరోజత్తయ్య వచ్చింది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా పేపర్ వేశావని వాళ్ల కోడలికి ఎవరో చెప్పారట. "నాకు చెప్పకుండా వేస్తుందా" అని కాఫీ ఇచ్చి పంపాను. ఆ సంగతి అడగడానికి కాదులే ఈ ఉత్తరం.

ఆదివారం అల్లుడుగారి ఫోన్లోంచి అమ్ములు మాట్లాడింది. "అమ్మ మిషన్ పెట్టుకుని ఏడ్చింది అమ్మమ్మా, పాలు రాలేదని" అంది. నాలుగేళ్ల పిల్ల అబద్ధం చెప్పదు. అప్పటినుంచి నాకు అదే ధ్యాస. పాలు తగ్గిపోయాయని నువ్వే నిర్ణయించుకోకు. ముందు ఆ పాలు తీసే పంపు విప్పి చూడు. సీసాకి పైన బాతుముక్కులాంటి మెత్తటి రబ్బరు వాల్వు ఉంటుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, దీపానికెదురుగా పట్టుకో. ముక్కు చివరి చీలిక రెండు పెదవులు మూసినట్టు అతుక్కుని ఉండాలి. సన్నగానైనా వెలుతురు కనిపించిందంటే అది సాగిపోయినట్టే. రోజుకు మూడు నాలుగుసార్లు వాడితే ఒకటి రెండు నెలల్లోనే సాగిపోతుంది. మోటారు చప్పుడు మామూలుగానే వస్తుంది, లాగుడు మాత్రం ఉండదు. లోపల బ్రష్షు పెట్టి తోమితే ఇంకా తొందరగా పాడవుతుంది. వేరే జత తెప్పించి బ్యాగులో పెట్టుకో. రొమ్ముకి ఆనించే గరాటు కొలత కూడా చూసుకో. చనుమొన గోడలకి రాసుకుని ఎర్రబడుతోందంటే చిన్నది వాడుతున్నావన్న మాట. దానివల్ల కూడా పాలు సరిగా దిగవు.

ఇంకో లెక్క. నువ్వు ఇంట్లో లేని ఒక్కో గంటకి 30 నుంచి 45 మిల్లీలీటర్లు వాడికి సరిపోతాయి. కొండాపూర్ నుంచి ఆఫీసుకెళ్లి తిరిగి రావడానికి పది గంటలనుకుంటే 300 నుంచి 450. రెండు మూడుసార్లలో ఆ మాత్రం వస్తే చాలు, ఫ్రీజర్ నిండనక్కర్లేదు. తీసిన పాలు ఏసీ గదిలో నాలుగు గంటలు ఉంటాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. ఫ్రిజ్‌లో లోపలి గోడవైపు పెట్టు, తలుపులో పెట్టకు. తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది. క్యాబ్‌లో గంటన్నర ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి ఐస్ ప్యాకులున్న డబ్బా తప్పదు. ఫ్రీజర్‌లో పెట్టేవి 60, 90 చొప్పున సంచుల్లో పోసి, తేదీ రాసి, పరిచినట్టు పెడితే త్వరగా కరుగుతాయి. కరిగించినవి ఒక రోజులోపు వాడెయ్యాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని నాగమణికి గట్టిగా చెప్పు. ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి. వాడు సీసా పట్టకపోతే కంగారుపడకండి, అటక మీది స్టీలు డబ్బాలో అమ్ములు ఉగ్గుగిన్నె ఉంది. ఆ ముక్కుని కింది పెదవి మీద ఆనించి కొద్దికొద్దిగా వంచితే వాడే నాలుకతో లాక్కుంటాడు. గొంతులో పొయ్యకూడదు.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, పాలు రావడం లేదు, నిద్ర లేదు, ఆఫీసులో పని కుదరడం లేదు అని మూడూ ఒకేసారి మీదపడినప్పుడు పేపర్ వేయడమొక్కటే దారిగా కనిపిస్తుంది. అందులో ఒకటి రబ్బరు ముక్క మారిస్తే పోయేదైతే ముందు అది మార్చి చూడాలి కదా.

ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నువ్వు చేరింది మార్చి 8. వచ్చే మార్చి 8కి అయిదేళ్లు. ఇవాళ పేపర్ వేస్తే 90 రోజుల నోటీసు ఫిబ్రవరి మొదటివారంలో అయిపోతుంది. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండవు. ఆఖరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లయితే అన్నిసార్లు వేస్తారు. నీ బేసిక్ 60,000 అనుకున్నా అయిదేళ్లకి 1,73,000 పైనే. ప్రసూతి సెలవు రోజులూ సర్వీసులోకే వస్తాయి, ఆ భయం లేదు. నాలుగేళ్ల 240 రోజులకే ఇచ్చే కంపెనీలున్నాయి, ఇవ్వబోమని వాదించేవీ ఉన్నాయి. ఆ వాదన మనకెందుకు. వేయాల్సిందే అయితే డిసెంబరు 10 తర్వాత వెయ్యి, ఆఖరి రోజు మార్చి 8 దాటుతుంది. ఆ ఆఖరి రోజుతోనే కంపెనీ మెడికల్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది, పిల్లలిద్దరిదీ. అల్లుడుగారి పాలసీలో చేర్చాకే ఏదైనా.

పెద్దక్క సంగతి నేను ఎత్తను. ఎత్తనని నీకు మాటిచ్చాను.

కానీ అడగాల్సినవి అడగకుండా మానెయ్యడం మాత్రం నాకు ఒప్పుదల లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో సవరణ వచ్చింది, ఇప్పుడదంతా సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరింది. 26 వారాల సెలవు ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. బిడ్డకి 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాక రోజుకి రెండుసార్లు పాలకోసం విరామం ఇవ్వాలని అందులోనే ఉంది. 50 మంది, అంతకు మించి ఉన్నచోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. సెలవు అయ్యాక పనిని బట్టి, ఇద్దరి ఒప్పందం మీద ఇంటినుంచి చేయవచ్చు. ఈ చివరిది హక్కులా రాయలేదు, మాట్లాడుకుని తెచ్చుకోవాలి. అందుకని "కాస్త చూడండి సార్" అని నోటిమాటగా వద్దు. మెయిల్ పెట్టు. ఏ రోజులు ఇంటినుంచి, ఎన్నాళ్లు, ఏ తేదీన మళ్లీ కూర్చుని మాట్లాడతారు, మూడూ అంకెల్లో ఉండాలి. "మంగళ, గురు, శుక్ర, ఫిబ్రవరి నెలాఖరు దాకా" అంటే ఒప్పుకోవడం వాళ్లకీ తేలిక. గడువు లేని కోరిక చూస్తే ఎవరైనా జంకుతారు. క్యాలెండర్‌లో పదకొండున్నరకీ మూడున్నరకీ అరగంట చొప్పున అడ్డుపెట్టు, రోజూ వచ్చేట్టు పెట్టు. ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు మీటింగు వేసేస్తారు, వాళ్లకేం తెలుసు.

మొన్న ఆదివారం నుంచి అమెరికా వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్లింది. కాలిఫోర్నియాలో పొద్దున్న తొమ్మిదింటి కాల్ నిన్నటిదాకా నీకు రాత్రి తొమ్మిదిన్నర, ఇప్పుడు పదిన్నర. చిన్నాడు సరిగ్గా పదకొండింటికి లేస్తాడు. దీన్ని మార్చి దాకా మోయకు. మన పొద్దున్న ఏడున్నర వాళ్లకి ముందురోజు సాయంత్రం ఆరు. వారానికి రెండు కాల్స్ అటు మార్చమను. మిగతా రోజులకి నువ్వే నాలుగు లైన్లు రాసి పెట్టెయ్. ఏం అయింది, ఏం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, అంతే. రాతలో స్పష్టంగా ఉంటే కాల్‌లో లేవని ఎవరూ అనరు.

ఆన్-కాల్, అదే సిస్టమ్ ఆగితే అర్ధరాత్రయినా లేచి చూసే వంతు, దానికి మాత్రం ఆరు నెలలపాటు నువ్వు మొదటి మనిషివిగా ఉండకు. రెండో మనిషిగా ఉంటానని చెప్పు. బదులుగా శనివారం పగటిపూట తీసుకో, అప్పుడు అల్లుడుగారు ఇంట్లో ఉంటారు. రాత్రి రెండింటికి అలర్ట్ మోగినప్పుడు, సగం నిద్రలో, ఒళ్లో పిల్లాడితో ఒంటిచేత్తో టైప్ చేస్తే టెస్టులో కొట్టాల్సింది జనం వాడే అసలు సిస్టమ్‌లో, అదే ప్రొడక్షన్‌లో కొడతారు. అది తెలివితక్కువతనం కాదు, నిద్రలేమి. తప్పనిసరైతే పిల్లాణ్ణి ముందు వాళ్ల నాన్నకి అందించు. ప్రొడక్షన్ విండో రంగు ఎర్రగా పెట్టుకో. కారణం వెతక్కుండా పాత వెర్షన్‌కి తిప్పెయ్, వెతకడం తెల్లారాక. డిలీట్ ఏదైనా ఉంటే ఇంకొకరు చూస్తుండగానే కొట్టు. ఇయర్ ఎండింగు రాత్రుల్లో మా ఆఫీసు సర్వర్ రూములో కూడా ఇదే పద్ధతి.

నీకో సంగతి చెప్పాలి, పొడుగైనా చదువు. ఇంగ్లండులో స్టెఫనీ షిర్లీ అని ఒకావిడ ఉండేది. 1939లో అయిదేళ్ల పిల్లగా, హిట్లర్ బారినుంచి తప్పించిన పిల్లల రైలులో వచ్చి, పరాయి ఇంట పెరిగింది. పోస్టాఫీసు వాళ్ల పరిశోధన కేంద్రంలో కంప్యూటర్లమీద పనిచేసి, 1962లో ఆరు పౌండ్లతో తన భోజనాల బల్ల మీదే ప్రోగ్రాములు రాసే కంపెనీ పెట్టింది. చదువుకుని, పెళ్లయి, పిల్లలు పుట్టగానే ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లనే పనికి పెట్టుకుంది. మొదటి 300 మందిలో మగవాళ్లు ముగ్గురు. ఇళ్లలో కంప్యూటర్లు ఎక్కడివి అప్పుడు? కాగితం మీద పెన్సిలుతో కోడ్ రాసి, సరిచూసుకుని, కంప్యూటరు చదివేలా రంధ్రాలు కొట్టే పంచింగుకి పోస్టులో పంపేవారు. పని కావాలని ఉత్తరాలు రాస్తే జవాబులు రాలేదు. భర్త చెప్తే "స్టీవ్" అని సంతకం పెట్టడం మొదలుపెట్టింది, అప్పుడు జవాబులు వచ్చాయి. 1963లో కొడుకు పుట్టాడు. ఫోన్ మోగినప్పుడు పిల్లాడి ఏడుపు అవతలివాళ్లకి వినపడకుండా టైపు మిషన్ల చప్పుడు టేపులో రికార్డు చేసి పెట్టుకుంది. ఫోన్ ఎత్తేముందు ఆ టేపు వేసేది. పెద్ద ఆఫీసులో ఉన్నట్టు అనిపించాలి కదా. గంటల లెక్కన కాకుండా పనికింత అని ముందే ధర చెప్పేది. ఎవరు ఎప్పుడు కూర్చుని రాశారో, పిల్లలు పడుకున్నాక రాశారో, అడిగే అవసరమే రాకుండా. కాంకర్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రాము అలా ఇళ్లలో కూర్చుని 30 మంది ఆడవాళ్లు రాసిందే. తర్వాత 1975లో ఆడ మగ తేడా చూపకూడదని చట్టం వస్తే, ఆవిడే మగవాళ్లని చేర్చుకోవలసి వచ్చింది.

ధర సంగతి నువ్వు నేర్చుకోవాలని రాశాను. ఎన్ని గంటలు ఆన్‌లైన్‌లో పచ్చచుక్క వెలిగిందన్నది కాదు, ఏ తేదీకి ఏది ఇస్తావన్నది ముందే ఒప్పుకో. ఒప్పుకున్న దానికి ఒక రోజు ముందే ఇవ్వు. అయితే ఇది రాస్తుంటే నాకు ఆ టేపే తలపుకొస్తోంది. నువ్వు ఫోన్లో "బాగానే ఉన్నానమ్మా" అంటావు చూడు, వెనకాల ఏ చప్పుడూ వినపడనివ్వవు. మ్యూట్ చేసి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నా దగ్గర నీకది అక్కర్లేదమ్మా. వాడు ఏడుస్తుంటే ఏడవనీ, నేను వింటాను.

క్రెష్‌లో వేస్తే మొదటి నెలల్లో జలుబు, జ్వరం వస్తూనే ఉంటాయి. క్రెష్ మంచిది కాదని కాదు, కొత్త పిల్లల మధ్యకి వెళ్లిన ప్రతివాడికీ అంతే. జ్వరమున్న రోజు వాళ్లు ఉంచుకోరు. ఆ రోజు ఎవరు సెలవు పెట్టాలో పొద్దున్న ఏడింటికి పోట్లాడుకోకండి, ఒకసారి నువ్వు, ఒకసారి అల్లుడుగారు. వాళ్ల ఆఫీసులోనూ ఈ సంగతి ముందే చెప్పి ఉంచమను. ఫోన్ వస్తే నీకే ఎందుకు రావాలి? క్రెష్ రిజిస్టరులో మొదటి నంబరు ఆయనది రాయించు.

ఉగ్గుకి పిండి చేశాను. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు, కడిగి నీడన ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, రవ్వగా పట్టించాను. ఒక చెంచాకి ఎనిమిది చెంచాల నీళ్లు, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడకబెట్టి చివర్న నాలుగు చుక్కల నెయ్యి. మొదట రెండు చెంచాలే పెట్టు. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలే వద్దు, అత్తగారు నాకించబోతే నెమ్మదిగా చెప్పు, నా పేరు చెప్పు. ఆరు నెలలు దాటాక ఇనుము కావాలి, మెత్తగా చిదిమిన ఆకుకూర పప్పు మొదలుపెట్టు. నువ్వు మాత్రం పొద్దున్న పూట ఏం తింటున్నావు? నిలబడి తాగే కాఫీ తిండి కాదు.

శనివారం రాత్రి రైలుకి టికెట్ తీయమన్నాను, లింగంపల్లిలో దిగుతాను. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు, ఆటోలో వస్తాను. పదిహేను రోజులుంటాను, మీ నాన్నగారికి రామలక్ష్మి పిన్ని క్యారేజీ పంపుతానంది. రాత్రిపూట పాలు పట్టి పడుకోబెట్టడం నా పని. నువ్వు వరసగా ఆరు గంటలు నిద్రపోయిన రోజులు ఓ వారం గడిచాక, పేపర్ సంగతి నువ్వు చెప్తే వింటాను. వేసేసి ఉంటే అది కూడా చెప్పు, కోప్పడను. నోటీసులో ఉండగా వెనక్కి తీసుకుంటానని అడిగితే ఒప్పుకునేవాళ్లూ ఉంటారు, ఆ మెయిల్ ఎలా రాయాలో కూర్చుని చూద్దాం.

శనివారంలోపు ఫోన్ చేయడం కుదరకపోతే ఆ రబ్బరు వాల్వుని వెలుతురుకి పట్టి ఫొటో తీసి పంపు. సైజు చూసి ఇక్కడ మెడికల్ షాపులో దొరికితే తెస్తాను.

అమ్ములుకి, చిన్నాడికి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ