వాషింగ్ మెషీన్ నుంచి కాలిన వాసన వస్తే

సభ్యులందరికీ నమస్కారం. వాషింగ్ మెషీన్ నడుస్తుండగా కాలిన వాసన వస్తే, ఉతకడం పూర్తయ్యేదాకా ఆగకుండా, వేడెక్కిన ప్లగ్గును చేత్తో లాగకుండా, ముందు ఆ లైనుకున్న ఎంసీబీని, అంటే కరెంటు బోర్డులో ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్చును, దించేయండి. రబ్బరు మాడిన వాసన అయితే, బట్టలు ఎక్కువై బెల్టు జారుతూ ఉండవచ్చు. ప్లాస్టిక్ కరిగిన ఘాటు వాసన అయితే మోటారునో, వైర్లనో, సాకెట్‌నో అనుమానించాలి. చల్లారాక ప్లగ్గు పిన్నుల మొదట్లో నల్లగా కమిలి ఉంటే, మెషీన్ కంటే ముందు వదులైన సాకెట్‌ను చూపించండి. నీళ్లు వేడిచేసే ఫ్రంట్ లోడ్ మెషీన్లు సుమారు 2000 వాట్లు, అంటే 9 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి కనుక, వాటిని 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం, బాల్కనీల్లో మామూలే అయినా, ప్రమాదకరం. 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. పొగ వస్తే నీళ్లు చల్లకుండా బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. వాసన పోయిందని, మెకానిక్ చూడకముందే మళ్లీ ఆన్ చేయవద్దు.