బస్సుంది సరే, చెప్పే మనిషేరీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్న జనవరిలో మా మల్కాజిగిరి కాలనీవాళ్ళం ముప్పై ఎనిమిది మందిమి ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సులో నాలుగు రోజుల కోస్తా యాత్రకు వెళ్ళొచ్చాం. చీరాల నుంచి బందరు, అక్కణ్నుంచి కోరంగి, కాకినాడ. ఎక్కువమందిమి రిటైరైనవాళ్ళమే. కరపత్రంలో 'గైడ్‌తో సహా' అని ఉంటేనే డబ్బు కట్టాం. గైడని వచ్చిన అబ్బాయి మంచివాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను చెయ్యి పట్టుకుని మెట్లు దించాడు. కానీ దిగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టడం, భోజనం ఎక్కడో చెప్పడం తప్ప ఆ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. తప్పు అతనిది కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు.

బందరులో మంగినపూడి బీచి దగ్గరే పొద్దంతా గడిచిపోయింది. డచ్చివాళ్ళ సమాధులు చూపించమని పట్టుబడితే, మేం చేరేసరికి చీకటి పడుతోంది, గేటు మూసేశారు. కమ్మీల సందులోంచి చూశాం. రాతి పలకలు, వాటి మీద డాలు ఆకారంలో చెక్కిన వంశచిహ్నాలు. మా పక్కింటి పిన్నిగారు "ఇంత దూరం ఏం పనిమీద వచ్చారమ్మా వీళ్ళు?" అని అడిగారు. డబ్బు తీసుకుని యాత్రకు తీసుకెళ్ళినవాళ్ళలో దానికి జవాబు చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. సర్కారు బడిలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది నేను చెప్పాను.

ఆ జవాబు మన ఊళ్ళోనే మొదలవుతుంది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు ముఖ్యమైన రేవు మచిలీపట్నం. పారశీకంలో బందరు అంటేనే రేవు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారంటే ప్రధానంగా మన బట్ట కోసమే. చిరివేరు అనే మొక్క వేరుతో ఎర్రరంగు ఎక్కించిన ఆ అద్దకం బట్టలను తూర్పు దీవులకు, అంటే ఇప్పటి ఇండోనేషియా వైపుకు తీసుకెళ్ళి, వాటిని ఇచ్చి లవంగాలు, మిరియాలు తెచ్చుకునేవాళ్ళు. బందరు పక్కనే ఉన్న పెడనలో చెక్క అచ్చులతో బట్టమీద కలంకారీ అద్దే పని ఈరోజుకీ నడుస్తోంది. మా బస్సు పెడన మీదుగానే పోయింది, ఆగలేదు.

అంతకు ముందురోజు సంగతి చెప్పాలి. చీరాల దగ్గర వాడరేవులో దిగాం. హైదరాబాదువాళ్ళు శని, ఆదివారాలు స్నానాలకు వెళ్ళే బీచి అది. ఆ పేరు ఓడరేవేనని ఎంతమందికి తట్టిందో! అక్కణ్నుంచి మోటుపల్లి దగ్గరే. యాత్ర పట్టీలో లేదు, డ్రైవరును బతిమాలుకుని వెళ్ళాం. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు రాజులు, తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, బంగారం మొత్తం లాక్కునేవారు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని అంత ప్రమాదానికి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని గణపతిదేవుడు ఆ రాతి మీద మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. నేను అక్షరాలను వేలితో తడుముతూ ఈ సంగతి చెబుతుంటే, ఎండ అని బస్సులోనే ఉండిపోయినవాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగొచ్చారు. హనుమకొండ ఆవిడ ఒకరు "మా రాజేనా!" అని ఆ స్తంభానికి దండం పెట్టుకున్నారు. నాలుగు రోజుల యాత్రలో అందరూ ఒక్కచోట మౌనంగా నిలబడింది ఆ పది నిమిషాలే.

బందరు దగ్గరి ఘంటసాలలో బౌద్ధస్తూపం ఉంది, మహానావికుడు శివకుడి పేరు చెప్పే శాసనం దొరికిన ఊరది. దాన్నీ దాటేశాం. కోరంగిలో మడ అడవిలో చెక్క వంతెన మీద నడిపించి ఫొటోలు దిగమన్నారు, అంతే. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. మా అమ్మమ్మగారింట్లో ఇప్పటికీ ఒక రంగం పెట్టె, అంటే బర్మాలోని రంగూన్ నుంచి తెచ్చిన పెట్టె, ఉంది. 1789 తుఫానులో కోరంగి మునిగిపోయింది. బందరును 1864 నవంబరు 1న ఉప్పెన ముంచితే సుమారు ముప్పైవేల మంది పోయారు. ఇవన్నీ ఆ నేల మీద నిలబడి వినాల్సిన మాటలు.

నా విన్నపం రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకూ కలిపి. గోల్కొండలో మొదలుపెట్టి మోటుపల్లి, బందరు, పెడన, కోరంగి మీదుగా ఒక యాత్ర వేయండి. ఒంగోలు నుంచి కత్తిపూడి దాకా 216 నంబరు జాతీయ రహదారి ఆ తీరం వెంబడే పోతుంది, దారి వెతుక్కోనక్కర్లేదు. ఆ ఊళ్ళలో చరిత్ర చదివిన పిల్లలున్నారు, సముద్రం తెలిసిన మత్స్యకారులున్నారు. వాళ్ళకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, కార్డు ఇవ్వండి. ఆ కార్డు ఉన్న మనిషి వెంట లేకుండా ఏ ట్రావెల్స్ వాళ్ళూ కరపత్రంలో గైడ్ అన్న మాట వేయకూడదని నిబంధన పెట్టండి.

కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన దీవి, కాకినాడకు అలల నుంచి అడ్డుగోడ. దాన్నీ యాత్రలో కలపాలి. అయితే 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మన తెలంగాణ కుటుంబాలూ ఎంతో నష్టపోయాయి. తనిఖీ అయిన బోటు, ఒంటికి కట్టిన లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ నీళ్ళ మీదికి పంపొద్దు.

తుఫాన్ల కాలం పోయాక, సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఈ యాత్రకు అనువైన రోజులు. వచ్చే జనవరికి మొదటి బస్సు వేస్తే మా కాలనీ నుంచి పన్నెండుమందిమి ఇప్పుడే పేర్లు ఇస్తాం. ఈసారి ఆ సమాధుల గేటు తెరిచి ఉండే వేళకు చేర్చండి, మా పిన్నిగారు లోపలికి వెళ్ళి చూడాలంటున్నారు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాదు