మా నల్లా నీళ్లలో ఏముందో మీరే చెప్పండి

పురపాలక శాఖలో తాగునీటి సరఫరా చూసే ఉన్నతాధికారి గారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో చిన్న మెడికల్ షాపు నడుపుతున్నాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ జవాబు మీ దగ్గర ఉండాలి.

పోయిన నెల ఒక ఆదివారం ఫిల్టర్లు అమ్మే కుర్రాడు మా ఇంటికొచ్చాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో బ్యాగు. రెండు గాజు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, రెండోదాంట్లో తను బాటిల్లో తెచ్చుకున్న, లవణాలు తీసేసిన ఆర్వో నీళ్లు పోశాడు. బ్యాగులోంచి పొట్టి ఊచలున్న ఒక చిన్న యంత్రం తీసి, ఊచలు గ్లాసుల్లో మునిగేలా పెట్టి ప్లగ్గు గుచ్చాడు. నిమిషం తిరక్కముందే మా గ్లాసు తుప్పు రంగుకు మారింది. పైన నురగ, అడుగున మడ్డి. అతని గ్లాసు మాత్రం తేటగా అట్లాగే ఉంది. అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మో, ఇన్ని రోజులు గీ నీళ్లేనా మనం తాగింది!"

ఈ ఆట నాకు తెలుసు. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని మంచినీళ్లలో వేసి, "ఇప్పుడు పెట్టు తమ్ముడూ" అన్నాను. అతనికి ఇష్టం లేదు కానీ పెట్టాడు. అవి కూడా అదే రంగుకు తిరిగాయి. ఆ ఊచల్లో కొన్ని ఇనుపవి. నీళ్లలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పవుతుంది. గ్లాసులో కనిపించిన మురికి ఊచలది. నల్లా నీళ్లలో లవణాలు ఉన్నాయని తప్ప అది వేరే ఏమీ చెప్పదు. లవణాలు ఉప్పులోనూ ఉంటాయి, కొబ్బరి నీళ్లలోనూ ఉంటాయి. కొబ్బరి నీళ్లలో ఆ ఊచలు పెడితే ఏమవుతుందో ఆ కుర్రాడు ఎప్పుడూ చూసి ఉండడు.

అతను తగ్గలేదు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే, పెన్ను లాంటి టీడీఎస్ మీటరు తీశాడు. మా నీళ్లు 286, అతని నీళ్లు 31. "ఎంత తక్కువుంటే అంత మంచిది సార్" అన్నాడు. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉండొచ్చంటుంది. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది. అంటే 286 మంచి అంకె. ఆ మాట చెప్పి కుర్రాణ్ని పంపించేశాను. ఎండలో తిరుగుతున్నాడని మజ్జిగ ఇచ్చే పంపాను. అతని మీద నాకేం కోపం లేదు, పొట్టకూటి కోసం నేర్పినది చెప్తున్నాడు.

అతను వెళ్లాక అమ్మ అడిగింది: "నీ ఉప్పు సంగతి సరే బిడ్డా. మరి మన నీళ్లల్ల ఏమున్నదో నువ్వు చెప్పు."

చెప్పలేకపోయాను. 286 అనే అంకె కూడా ఆ అమ్మేవాడి మీటరు చెప్పిందే. అందులో కరిగిన లవణాల లెక్క ఉంది, క్రిముల లెక్క లేదు. బిందెడు నీళ్లలో గ్లాసెడు మోరీ నీళ్లు కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు.

నాకు భయమంతా ఆ మోరీ గురించే. వానాకాలం మొదలైన రెండు వారాలకు మా షాపులో ఏం పోతుందో చెప్తాను. మామూలు రోజుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఐదో ఆరో పోతాయి. అప్పుడు డబ్బాలకు డబ్బాలు ఖాళీ అవుతాయి. జింకు మాత్రలు, పిల్లల సిరప్పులు కూడా అంతే. "రాత్రి నుంచి విరేచనాలు సార్" అంటూ ఒకే వీధి నుంచి నలుగురు వస్తే, ఆ వీధిలో పైపు ఎక్కడో పగిలిందని నాకు అర్థమవుతుంది. మందుల షాపువాడు పైపుల సంగతి ఇట్లా తెలుసుకోవాల్సి రావడం ఏం బాగుంటుంది చెప్పండి. గిరాకీ పెరిగితే సంతోషించాల్సిన నేనే ఈ మాట అంటున్నాను.

మన నగరానికి వచ్చే నీళ్లు చెడ్డవని నేను అనను. దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువ మీదుగా వస్తాయి. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ధర్మసాగర్ చేరతాయి. ఫిల్టర్ బెడ్‌లో పటిక కలిపి, మడ్డి దించి, ఇసుక పొరల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి వదులుతారు. అక్కడి నుంచి బయల్దేరినప్పుడు ఆ నీళ్లు బాగానే ఉంటాయని నమ్ముతున్నాను. చెడేది దారిలో.

మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి, గంటో గంటన్నరో. మిగతా సమయమంతా పైపు ఖాళీ. లోపల ఒత్తిడి లేనప్పుడు పగుళ్లు, లూజు జాయింట్లు ఉన్న చోట బయటి నీళ్లు లోపలికి దిగుతాయి. మా వీధి పైపు మోరీని ఆనుకునే పోతుంది, రెండు చోట్ల మోరీలోంచే దాటుతుంది. దానికి తోడు నీళ్లు వదలగానే ఇంటింటికీ మోటారు మొదలవుతుంది. మోటారు నల్లా నీళ్లనే కాదు, పైపు చుట్టూ ఉన్న మురికిని కూడా పీలుస్తుంది. ఇందులో నా తప్పు కూడా ఉంది. మా నల్లాకూ పదేళ్లు మోటారు ఉండేది. మొన్న ఎండాకాలమే తీసేయించాను, దాని మీద ఇంట్లో రెండు రోజులు గొడవ. ఇప్పుడు మొదటి అంతస్తు ట్యాంకుకు నీళ్లెక్కవు. సంపులో పట్టుకుని అక్కణ్నుంచి ఎక్కిస్తున్నాం.

మోటారు తీసిన ఊపులో ఒక క్లోరోస్కోప్ కూడా కొన్నాను. మీ సిబ్బంది దగ్గర ఉండేదే. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి ఊపితే, క్లోరిన్ ఉన్నదాన్ని బట్టి నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో ఏదైనా క్రిమి దూరితే దాన్ని చంపేది ఆ మిగిలిన క్లోరినే. మా వీధి మొదట్లో ఉన్న కిరాణా షాపు నల్లాలో రంగు బాగానే వచ్చింది. మా ఇంట్లో లేత పసుపు, కళ్లు చిట్లిస్తే కనిపించేంత. వీధి చివర ఒక పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె నల్లా నీళ్లతో గొట్టం నింపి చుక్కలు వేస్తే అసలు రంగే రాలేదు. మూడుసార్లు చూశాను, మూడు వేర్వేరు రోజుల్లో. "ఏం రాకుంటె మంచిదే గద కొడుకా, నీళ్లు సాఫ్ ఉన్నట్టు" అందామె. రంగు రాకపోవడమే ప్రమాదమని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

సాయంత్రం షాపు కట్టేసే వేళ అందరూ అడిగేది ఒకటే: "సార్, ఏ ఫిల్టర్ మంచిది?" నేను తిరిగి అడుగుతాను: "మీ నీళ్లలో ఏముంది?" అక్కడితో మాట ఆగిపోతుంది. ఏముందో తెలియకుండా ఫిల్టర్ కొనడం, జ్వరమో కాదో చూడకుండా మాత్ర వేసుకోవడం లాంటిది. అయినా చేతనైనంత చెప్తుంటాను. క్లోరిన్ వాసన, కాస్త రంగు పోవాలంటే కార్బన్ ఫిల్టర్ చాలు. మడ్డి, బ్యాక్టీరియా పోవాలంటే అతి సన్న రంధ్రాలుండే యూఎఫ్ పొర పనికొస్తుంది, కరెంటు కూడా అక్కర్లేదు. యూవీ, అంటే అతినీలలోహిత లైటు క్రిములను చంపుతుంది. కానీ నీళ్లు మురికిగా ఉంటే ఆ మురికి నీడలో క్రిములు బతికిపోతాయి, కాబట్టి ముందు వడగట్టాలి. ఇవేవీ కరిగిన లవణాలను తియ్యవు. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి తీసేది ఆర్వో. అదేమో ఇంట్లో ఒక బిందె మంచినీళ్లిచ్చి దాదాపు మూడు బిందెలు మోరీలోకి వదులుతుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో ఇదెంత ఖరీదైన పనో ఆలోచించండి. మా పక్కింటాయన ఆ పారేసే నీళ్లను బకెట్లో పట్టి ఇల్లు తుడుస్తున్నారు. మిగతావాళ్లకు ఆ ఓపిక లేదు.

టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది. మా వీధిలో ఆ తర్వాత పెట్టించుకున్న ఆర్వోలే ఎక్కువ. ఎందుకు పెట్టించుకున్నారో నాకు తెలుసు. ఆ తుప్పు రంగు గ్లాసు వాళ్ల ఇళ్లలోనూ పెట్టారు.

అట్లాగని ఆర్వో ఎక్కడా వద్దని అనను. మా బావగారిది జనగామ వైపు ఊరు. ఆ ఊళ్లో పాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మన నేల గ్రానైటు నేల, అందులోని ఖనిజాల నుంచే అది లోతు నీళ్లలోకి చేరుతుంది. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేని చోట 1.5 దాకా. అంతకు మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గారలు పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్లు పట్టేస్తాయి. ఆ నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. మా అక్క పెళ్లైన కొత్తలో ఏళ్ల తరబడి కాగబెట్టే తాగింది, పాపం, జాగ్రత్త పడుతున్నాననుకుని. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం ప్రారంభమైనప్పుడు ఆ ఇంట్లో పండగ చేసుకున్నారంటే అందుకే. భగీరథ నీళ్లు రాని రోజు ఆ ఊళ్లో బోరు నీళ్లకు ఆర్వో ఉండాల్సిందే. మా అక్కకు ఉపయోగపడే ఆర్వో మిషన్ నాకు దండగ, నాకు సరిపోయేది ఆమెకు చాలదు. ఇద్దరికీ ఒకే కుర్రాడు ఒకే మిషన్ అమ్ముతాడు.

క్యాన్ నీళ్ల గురించి ఎక్కువ రాయను. దాన్ని మినరల్ వాటర్ అంటారు గానీ అందులో మినరల్స్ దాదాపు ఉండవు, తీసేసిన నీళ్లే అవి. ప్లాంటులో పొర ఎప్పుడు మార్చారో, క్యాను లోపల ఎప్పుడు కడిగారో అడిగితే జవాబుండదు. హాస్టల్ పిల్లలు, కిరాయి గదుల్లో ఉండేవాళ్లు వాటి మీదే బతుకుతున్నారు. నల్లా నీళ్లు ఇరవై లీటర్లు పట్టుకుని, అన్ని నీళ్లకు సరిపోయే క్లోరిన్ మాత్ర ఒకటి వేసి అరగంట ఆగితే చాలని చెప్తే వింతగా చూస్తారు. ఆ మాత్రలు మా షాపులో దుమ్ము పట్టి ఉన్నాయి. రూపాయిల్లో పోయేదానికి గిరాకీ లేదు, వేలు పోసేదానికి వాయిదాలు దొరుకుతున్నాయి.

అయ్యా, మీరు ఫిల్టర్లు పంచాలని అడగడం లేదు. నీళ్ల పరీక్షలు మీ దగ్గర జరుగుతూనే ఉంటాయి. ఆ అంకెలు మా దాకా రావాలి. రేషన్ షాపు గోడ మీద ఒక నల్ల బోర్డు, దాని మీద తేదీ, ఆ తేదీన మా వీధి నల్లాలో క్లోరిన్ ఎంత, మడ్డి ఎంత, టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్ ఎంత, మలం కలిసిందని చెప్పే ఈ.కోలి బ్యాక్టీరియా ఉందా లేదా అని తెలుగులో రాస్తే చాలు. ప్రమాణం ప్రకారం వంద మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఈ.కోలి కూడా ఉండకూడదు. ఉంటే ఉందనే రాయండి. ఆ రోజు కాగబెట్టుకుని తాగుతాం, మిమ్మల్ని తిట్టం. సరే, కొంచెం తిడతాం. కానీ తెలియకుండా తాగడం కన్నా అది నయం.

ఇంకొక్కటి. నీళ్ల శాంపిల్ ట్యాంకు దగ్గర తీస్తే ట్యాంకు సంగతే తెలుస్తుంది. వీధి చివరి ఇంట్లో తియ్యాలి, అదీ నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో ఒకసారి, తర్వాత ఒకసారి. పెద్ద వాన పడిన మర్నాడు తప్పకుండా తియ్యాలి. మోరీలోంచి పోయే పైపులు ఎన్ని ఉన్నాయో వీధి వీధికీ ఒక లెక్క రాయించి, వాటిని పైకి ఎత్తించే పని ముందు పెట్టుకోండి. అన్నీ ఒక్క ఏడాదిలో కావని మాకూ తెలుసు. మోటార్ల మీద మీరు చర్య తీసుకుంటే మా వీధివాళ్లు నన్ను కూడా తిడతారు. పర్వాలేదు.

మా వీధికి నీళ్లు ఉదయం ఆరున్నరకు వస్తాయి. ఎల్లుండి మళ్లీ వస్తాయి. శుభ్రమైన బాటిళ్లు, ఐసు డబ్బా పట్టుకుని మీ మనిషి ఒకరు వస్తే, పెద్దమ్మ ఇల్లు నేనే చూపిస్తాను. మోటారు లేని నల్లాలు మా వీధిలో రెండే, ఆమెది ఒకటి. రిపోర్టు వచ్చాక ఒక కాపీ నాకిస్తే మా అమ్మకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక మెడికల్ షాపు యజమాని