చిన్నూకి, ఆ అజంప్షన్ ప్రశ్నల గురించి

చిన్నూ,

మొన్న ఫోన్లో సివిల్స్ సీశాట్ పేపర్లో అజంప్షన్ ప్రశ్నలే (వాదన పైకి అనకుండా లోపల ఒప్పేసుకున్న మాట ఏదో పట్టుకోమనేవి) పోతున్నాయమ్మా, నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తున్నాయి అన్నావు కదా, అప్పుడు డ్యూటీలో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయా, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. సివిల్స్ సంగతి నాకు తెలీదు కానీ ఇన్నేళ్ళుగా ల్యాబులో జ్వరాల స్లైడ్లు చూస్తున్నదాన్ని, "దీనివల్లే అది వచ్చింది" అనే మాట ఎక్కడ జారిపోతుందో బాగానే తెలుసు.

మలేరియానే తీసుకో. వందల ఏళ్ళ పాటు జనం నమ్మిందేంటంటే మురుగు గుంటల్లోంచి లేచే చెడు గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని. వాళ్ళేం తెలివితక్కువ వాళ్ళు కాదురా, కళ్ళతో చూసే అన్నారు. గుంటలు ఎండగడితే జ్వరాలు తగ్గేవి, రాత్రిళ్ళు కిటికీలు మూసుకునే ఇళ్ళలో తక్కువ, ఎత్తు మీద ఉండేవాళ్ళకీ తక్కువ. చూసిందంతా నిజమే. కానీ గుంట ఎండితే మారేది గాలి ఒక్కటే అనే మాట లోపల ఉంది చూడు, అది ఎవరూ పైకి అనలేదు, అనాలని కూడా ఎవరికీ తట్టలేదు. గుంటతో పాటు దోమలూ పోయాయి, కిటికీ మూస్తే గాలితో పాటు దోమా బయటే ఆగిపోయింది.

నువ్వు పట్టుకోవాల్సింది అదే. ఆప్షన్ చదివి ఇది నిజమా కాదా అని ఆలోచించకు, దాన్ని తిరగేసి చూడు. "గుంట ఎండినప్పుడు గాలి కాక ఇంకోటి కూడా మారింది" అనుకో, మొత్తం వాదన కూలిపోయిందా లేదా? కూలితే అదే అజంప్షన్. తిరగేసినా వాదన నిలబడిందంటే అది నిజమైన మాటే కావచ్చు గానీ ఆన్సర్ మాత్రం కాదు, నీకు పోయేవన్నీ ఇలాంటివే అని నా అనుమానం.

ఎలాగైనా జ్వరాలు తగ్గాయి కదా, కారణం ఏదైతే ఏంటి అనకు. చెడు గాలే కారణం అనుకున్నవాడు కంపు కొట్టే కాలవ బాగుచేయిస్తాడు, మూత లేని మంచినీళ్ళ ట్యాంకు జోలికే పోడు. మలేరియా దోమ, డెంగీ దోమ రెండూ మంచినీళ్ళలో హాయిగా పెరుగుతాయి. ఇప్పటికీ డెంగీ వచ్చినవాళ్ళు వీధి డ్రైనేజీని తిట్టుకుంటూనే ఉంటారు, ఇంట్లో కూలర్లో నీళ్ళు మాత్రం అలాగే ఉంటాయి.

మన బేగంపేటలో, మలేరియా దోమల వల్లే వస్తుందని తేల్చిన డాక్టరు రోనాల్డ్ రాస్ పని చేసిన బిల్డింగు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళావో కదా. ఆయనకీ మొదట్లో ఇదే చిక్కు. దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని ఆయన గురువు మాన్సన్ అనుకునేవాడు, దాంతో రాస్ 1895లో అలాంటి నీళ్ళు తాగించి చూశాడు. ఒకతనికి కాస్త జ్వరం వచ్చింది, తర్వాత తాగినవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు. ఆ ఒక్కడికీ నీళ్ళ వల్లే వచ్చిందనడానికి, ఆ రోజుల్లో అతన్ని ఇంకే దోమా కుట్టలేదని ముందే ఒప్పేసుకోవాలి కదా! ఇంకోటి, దోమంటే ఏ దోమైనా ఒకటే అన్నట్టు రెండేళ్ళు దొరికిన జాతినల్లా కోసి చూశాడు. చివరికి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికితే హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు, దోమకో అణా ఇచ్చి. 1897 ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనపడ్డాయి, వాటిలో నల్లటి రేణువులు. నేను స్లైడు మీద మలేరియా క్రిమిలో చూసే రేణువులూ అవేరా. కుట్టడం వల్లే అంటుతుందని తేల్చింది మాత్రం ఆ మరుసటేడు కలకత్తాలో, పక్షుల మీద.

ఇప్పుడు మన కాలనీ వాదన ఒకటి చెప్తా. ఫాగింగ్ చేశారు, కొన్నాళ్ళకి డెంగీ కేసులు తగ్గాయి, కాబట్టి ఫాగింగ్ పనిచేసింది. ఆ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది, నీళ్ళలో లార్వాని ఏమీ చెయ్యదు, వారం పది రోజుల్లో అవీ దోమలైపోతాయి. పైగా డెంగీ దోమ ఎక్కువగా ఇళ్ళలోపల నక్కి ఉంటుంది, బండేమో రోడ్డు మీద పోతుంది. వానలు ఆగి చలి మొదలైతే కేసులు వాటంతట అవే తగ్గుతాయి. టెస్టులు ముందు ఎన్ని చేశారో తర్వాతా అన్నే చేశారా అనేది ఎవరూ అడగరు, నేను ల్యాబులో కూర్చుని మొదట అడిగేది అదే. అంతమాత్రాన ఫాగింగ్ దండగ అని కాదు నేననేది, ఆ వాదన మాత్రం ఇంకా రుజువు కాలేదు అంటున్నా. ఈ తేడా కూడా ఆప్షన్లలో పెట్టి పడగొడతారు, చూసుకో.

ఇంకోటి నువ్వే చెయ్యి. మీ రూమ్ దగ్గర బోర్డులుంటాయి కదా, మా టెస్ట్ సిరీస్ రాసినవాళ్ళు ఇంతమంది సెలెక్టయ్యారు అని. దానికింద దాగిన మాటలు కనీసం మూడు రాసి, ఒక్కోదాన్ని తిరగేసి, ఆదివారం ఫోన్లో చదివి వినిపించు. రాసి ఫెయిలైనవాళ్ళు ఎంతమందో అనేది అందులో ఉండాలి, అది లేకపోతే ఒప్పుకోను.

అమ్మ