మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తున్నారు బిడ్డా?

మర్రిగూడ,
మంగళవారం రాత్రి

బిడ్డా స్వప్నా,

ఎట్లా ఉన్నావు? ఇక్కడ అందరం మంచిగానే ఉన్నాం. బాపుకు మోకాలి నొప్పి కొంచెం నయం. మొన్న గాలిదుమారానికి పశువుల కొట్టం మీది రేకు లేచిపోయింది, అన్న వచ్చి బిగించి పోయాడు. నాయనమ్మకు చెవులు ఇంకా మందగించాయి కానీ నీ పేరు మాత్రం ఎంత మెల్లగా అన్నా వినిపిస్తుంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. వాయిస్ పెడితే నీలం గీతలు పడుతున్నాయి, జవాబు రావడం లేదు. మల్లన్న మామ గురువారం గద్వాల పోతున్నాడంటే కాగితం ముందేసుకున్నాను.

పెద్దవూర పెళ్లిలో సత్తెమ్మ పెద్దమ్మ కలిసింది. వాళ్ల చిన్నకోడలి తమ్ముడు నీ ఆఫీసు దగ్గరే కదా ఉండేది. నువ్వు రూమ్ ఖాళీ చేశావని, సామాను ఆటోలో వేసుకుని పోయావని, ఇక నువ్వు పిల్లలకు నేర్పే ఆ ఊళ్లోనే ఉంటావని అతను చెప్పాడట. పెద్దమ్మ ఆ మాట బంతి భోజనంలో నలుగురి మధ్య అడిగింది. సెలవు పెట్టిందిలే అన్నాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. సరే, ఆ సంగతి అట్లా ఉంచు.

నీ బడి పిల్లలు ఎట్లా ఉన్నారు? సంక్రాంతికి నువ్వు చూపించిన ఫోటోలు నాకు గుర్తున్నాయి. బడి గోడ మీద బొమ్మలు, పాత టైర్లలో మొక్కలు, అట్టముక్క బ్యాడ్జీ పెట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డ రెండు జడల పిల్ల. ఆ పిల్ల లీడర్ అన్నావు. బొమ్మలు వేయడం, పాట, నాటకం, తోటపని, నలుగురిలో భయం లేకుండా మాట్లాడటం, ఇవన్నీ ఆడుతూ పాడుతూ నేర్పిస్తున్నాం అన్నావు. నేను అంగన్‌వాడీలో ఇన్నేళ్లుగా చూస్తున్నదాన్ని, నీ పని నాకు చిన్నదిగా కనిపించదు. మట్టి పిసికిన పిల్లకు పలక మీద చెయ్యి బాగా తిరుగుతుంది.

వానలకు తొందరపడి విత్తనం వేయకు. ఇప్పుడు రోహిణి కార్తె ఎండలు. మృగశిరలో మొదటి వాన పడగానే పిల్లలు ఎగురుతారు, నువ్వూ ఎగురుతావు. జానెడు లోతు తడి దిగిందో లేదో మట్టి తవ్వి చూసి, అప్పుడు వేయించు. ముందుగా తోటకూర, పాలకూర చల్లించు. నెల తిరగకముందే కోతకు వస్తాయి. చిన్నపిల్లలకు చిక్కుడు పెట్టి కూర్చోబెట్టవద్దు, అది చలి మొదలైతే గానీ పూత పట్టదు, అంతదాకా వాళ్ల ఓపిక నిలవదు. బంతి నారు ఆషాఢంలో పోస్తే శ్రావణంలో నాటుకోవచ్చు, బతుకమ్మకు చేతికి పూలు వస్తాయి. గునుగు ఎవరూ వేయక్కర లేకుండా చేలల్లో మొలిచేది, కలుపు మందులు కొట్టి కొట్టి గట్ల మీద కూడా కరువైంది. ఒక మూలన దాన్ని పీకకుండా వదిలెయ్యమను. తంగేడు ఎక్కడుందో పిల్లలకే తెలుసు.

నీళ్ల సంగతి మరిచిపోకు. తోట కోసం వేసిన బోరు నీళ్లు పిల్లలు దోసిలి పట్టి తాగుతారు. ముందు పరీక్ష చేయించు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే పోతుందని ఎవరైనా అంటే నమ్మకు, పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారంటే మనవాళ్లు ఎంత పడ్డారో చూడు. ఈ ఊళ్లో వంకర కాళ్లతో పెరిగిన పిల్లల్ని నా చేతులతో ఎత్తుకున్నాను. నది పక్క ఊరు కదా అని ధీమాగా ఉండకు. మీ గద్వాల నడిగడ్డకు ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర అయినా, బోరు నీళ్లు భూమిలోంచి వచ్చేవే. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టించు.

ఎండాకాలం సెలవుల్లో మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తున్నారు బిడ్డా? అసలు అడగాలనుకున్నది ఇదే.

నువ్వు అప్పుడు రెండో తరగతి, నీకు సగం సగమే గుర్తుండొచ్చు. పట్నం నుంచి ఒక సంస్థ వాళ్లు మన బడికి వచ్చారు. మంచి పిల్లలే, వినయంగా మాట్లాడేవారు. వానాకాలం నుంచి ప్రతి ఆదివారం జీపులో దిగేవారు. రంగులు, డప్పులు, తలకు కట్టుకునే కాగితం కిరీటాలు తెచ్చేవారు. ప్రహరీ లోపల మడులు కట్టించారు, వంకాయ, టమాట, చిక్కుడు, మునగ పెట్టించారు. పిల్లలందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి లీడర్‌ను ఎన్నుకోమంటే మన అన్నను ఎన్నుకున్నారు. వాడు ఆ రోజు అన్నం కూడా నిలబడే తిన్నాడు. అంతవరకు ఇంట్లో గట్టిగా మాట్లాడని పిల్లాడు, నాటకంలో ఊరి పెద్ద వేషం కట్టి మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించాడు. అది చూసి బాపు కళ్లు తుడుచుకున్నాడు.

మాఘం వచ్చేసరికి జీపు రెండు వారాలకోసారి అయింది, తర్వాత నెలకోసారి. ఉగాదికి పెద్ద పండుగ చేద్దాం, మీ ఊరి కూరగాయలతోనే వంట అని చెప్పి పోయారు. మళ్లీ రాలేదు. ఏం జరిగిందో, డబ్బులు ఆగిపోయాయో, ఉద్యోగాలు వచ్చాయో ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. బడి బోరు అప్పటికి గురక పెడుతోంది. అన్న సైకిల్ హ్యాండిల్‌కు చెరో బిందె తగిలించుకుని పోచమ్మ గుడి దగ్గర చేతిపంపు నుంచి నీళ్లు మోసేవాడు. దారిలో సగం ఒలికిపోయేవి. మిగతా పిల్లలు మొదట వాడితో వచ్చారు, తర్వాత మానేశారు. ఆదివారం వస్తే మాత్రం వాడు స్నానం చేసి, బ్యాడ్జీ పెట్టుకుని, రోడ్డు మీద రాయి మీద కూర్చునేవాడు. నేను అన్నానికి పిలిస్తే ఇంకో బస్సు చూసి వస్తా అనేవాడు. వాళ్లు వచ్చేది జీపులో అని వాడికి తెలుసు. అయినా బస్సు చూసేవాడు.

చిక్కుడు తీగ ఆకులు ముడుచుకుని రాలిపోయాయి. టమాట మొక్కలు నిలబడినట్టే ఎండిపోయాయి. అప్పుడు నాయనమ్మ వెళ్లి ఏం చేసిందో తెలుసా? మన దగ్గర అటక మీద పాత మట్టి కుండలు ఉండేవి. మునగకు, రెండు వంగ మొక్కలకు పక్కన మెడ దాకా గుంటలు తవ్వి వాటిని పాతింది. మూతి ఒక్కటే బయటికి. నిండా నీళ్లు పోసి, పైన పెంకు కప్పింది. మట్టి కుండ లోపలి నీళ్లు మెల్లగా చెమ్మ కట్టి వేళ్లకే పోతాయి, ఎండకు ఆవిరై పోవు, మూడు రోజులకోసారి నింపితే చాలు. రంగు పూసినవి, నున్నగా మెరిసేవి పనికిరావు, చెమ్మ బయటికి రాదు. వంగ మొక్కలు అట్లా వానల దాకా బతికాయి. మునగ పెద్ద చెట్టయింది. తర్వాత గది కడతామని దాన్ని కొట్టేశారు, అది వేరే కథ. అన్న మాత్రం మళ్లీ నాటకంలో వేషం కట్టలేదు. పదో తరగతిలో సార్ బతిమాలినా కట్టలేదు.

ఆ సంస్థ మీద నాకు ఇప్పటికీ కోపమే. పిల్లలకు ఏమీ నేర్పకపోయినా ఫరవాలేదు, నేర్పి, నువ్వే లీడర్‌వి అని చెప్పి, చెప్పకుండా పోవడం మంచిది కాదు. నువ్వు ఉద్యోగం చేస్తూ నెలకో ఆదివారం పోతానంటే అట్లాగే చెప్పు వాళ్లకు, నెలకో ఆదివారమే పో, కానీ ఆ ఆదివారం తప్పకు. ఉద్యోగం వదిలి అక్కడే ఉంటానంటే కనీసం రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు ఉండు. మధ్యలో ఇంకేదో బాగుందని లేచి పోకు. నువ్వు లేకపోయినా నడిపే మనిషిని ఆ ఊళ్లోనే తయారుచెయ్యి. బడిలో అన్నం వండే అక్కలున్నారు కదా, వాళ్లకంటే నమ్మకమైన వాళ్లు దొరకరు. కూర వాళ్ల గిన్నెలోకే పోతుంది కాబట్టి నీళ్ల మీద వాళ్లకూ పట్టింపు ఉంటుంది.

ఇంకో మాట. మీ దిక్కు సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి, ఉంది. శ్రావణం దాటితే క్రాసింగ్ పనికి పిల్లలు కావాలంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. సాయంత్రం మొగ్గలు ఒలవడం, తెల్లారి మగ పువ్వు పుప్పొడి రాయడం, సన్నటి వేళ్లయితే మొగ్గ విరగదని పెట్టుకుంటారు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో చట్టం సవరించారు, కానీ బడి వేళ దాటాక సొంత ఇంటి పనికి సాయం చేయొచ్చని సందు ఉంచారు. అడిగితే మా చేనే అంటారు. సర్పంచి దగ్గర కూర్చుని చట్టం చదవకు, పిల్లల తల్లుల దగ్గర కూర్చో. ఆ రోజుల కూలి వాళ్ల ఇంట్లో దేనికి పోతుందో ముందు తెలుసుకో. అడ్వాన్సు తీసుకుని ఉంటే విత్తనాలు వేయకముందే తెలుస్తుంది, పిల్ల పేరు రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో రాసుకో. దసరా తర్వాత తల్లిదండ్రులు పుణె, ముంబై దిక్కు పోయే ఇళ్లు కూడా రాసుకో. పాలమూరు వలస అంటే పెద్దవాళ్లదే అనుకుంటారు, వాళ్ల వెనక పిల్లలూ పోతారు. పిల్లను ఇక్కడ నాయనమ్మ దగ్గర ఉంచడానికి ఒప్పించగలిగితే, నువ్వు నేర్పే అన్ని పాటలకంటే అదే పెద్ద పని.

లీడర్ అంటే బాగా వాగేవాడిని చేయకు. వారానికొకరి చేతికి బోరు గది తాళంచెవి ఇవ్వు. రెండు జడల పిల్లతో పాటు మూల కూర్చునే పిల్లకూ ఇవ్వు. మొదటి టమాట ఎవరికి అని కొట్లాట వస్తుంది, నువ్వు తీర్పు చెప్పకు, వాళ్లనే తేల్చుకోనివ్వు.

కళలంటావు, పట్నం నుంచి టీచర్‌ను పిలవాలా? మీ చుట్టే ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన నాగర్‌కర్నూల్ దిక్కు మనిషి. నారాయణపేట దామరగిద్ద దాసరి కొండప్పకు బుర్ర వీణకు 2024లో ఇచ్చారు. అట్లాంటి చేతులు ఇంకా కొన్ని ఊళ్లలో పేరు లేకుండా ఉంటాయి. వెతికి పిలువు. శాలువా కప్పి పంపకు, బస్సు చార్జీ, భోజనం, చేతిలో పైసలు పెట్టి, నాలుగు వారాలు వరుసగా రమ్మను. బతుకమ్మకు ముందు వచ్చే బొడ్డెమ్మ రోజుల్లో మట్టి తెచ్చి పిల్లలతోనే బొడ్డెమ్మను పెట్టించు, దానికి రంగుల కిట్ కొనక్కర లేదు. ఒకసారి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి తీసుకుపో. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడితే చెదలు తొలిచాయని తెలిసింది, మరుసటి ఏడు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. అంత చెట్టుకూ రోజూ ఒకరు వచ్చి చూడాల్సి వచ్చిందని పిల్లలకు చెప్పు.

చాలా రాశాను. నాయనమ్మ లైట్ ఆర్పమంటోంది.

నువ్వు వేళకు తింటున్నావా? ఎండలో తోట పని చేసేటప్పుడు తలకు చున్నీ కాదు, తడి తువ్వాలు కట్టుకో. అద్దాలు మార్పించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి? అద్దె ఇంట్లో గడియ సరిగా పడుతుందా, పక్కన ఆడవాళ్లున్న ఇల్లేనా? రాత్రి మేడ మీద ఒక్కదానివే పడుకోకు. జీతం ఆగిపోయి ఉంటే చెప్పడానికి మొహమాటపడకు, అన్న చీటీ పైసలు వచ్చే నెల వస్తున్నాయి, వాడే ఇస్తానన్నాడు. పిల్లలకు రంగులు కొంటానంటే ఇంకా సంతోషంగా ఇస్తాడు, ఆ మాట నాతోనే అన్నాడు.

మామ చేతికి సంచి ఇచ్చాను. పుంటికూర పచ్చడి, సకినాలు, నువ్వుల కారం ఉన్నాయి. నూనె కారితే సీసా చుట్టూ గుడ్డ తీసి ఉతుకు, పారేయకు, అది నాయనమ్మ పాత చీర. మూటలో బంతి విత్తనాలు, ఆనిగపుకాయ విత్తనాలు వేరువేరుగా కట్టాను. అడుగున గడ్డిలో చుట్టి రెండు మట్టి కుండలు పెట్టాను, మామ విసుక్కున్నాడు కానీ ఒప్పుకున్నాడు, దింపేటప్పుడు నువ్వే పట్టుకో. ఆయన సాయంత్రం ఐదు గంటల బస్సుకు తిరిగి వస్తాడు. అంతలోపల ఒక కాగితం ముక్క మీదైనా రాసి ఇవ్వు. రూమ్ ఖాళీ చేశావా లేదా, ఉద్యోగానికి రాజీనామా రాశావా సెలవేనా, ఇవి రెండూ రాస్తే చాలు. ఏది రాసినా బాపుకు నేను చెప్పుకుంటాను. మామను అన్నం తినకుండా పంపకు, ఆయనకు షుగర్ ఉంది, ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి.

మీ అమ్మ