ఎర్రమట్టి దిబ్బల కోసం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ఆదివారాలు కొండదారుల్లో బైక్ నడిపేవాణ్ణి. మొన్న వాన వెలిశాక భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాను. ఎవరిదో జీపు టైర్ల జాడ, బెత్తెడు లోతున, వాలు మీదుగా కిందికి దిగింది. వాన నీళ్లన్నీ ఆ జాడలోకే చేరి అంచుల మట్టిని కోసుకుపోతున్నాయి. వేల ఏళ్లుగా పేరుకున్న దిబ్బలు; ఒక్క రీల్ కోసం తొక్కేస్తే మళ్లీ రావండీ.

తీరం గురించి టెన్షన్ ఇంకా ఎక్కువ. చలికాలం నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి చట్టం రక్షించే జీవాలవి. అరచేతిలో సగం కూడా లేని పిల్లలు సముద్రం వైపు పాకుతూ టైరు గాడిలో పడితే, తెల్లారేసరికి కాకుల పాలే.

బళ్లన్నీ ఆపేయమనడం లేదు. వెళ్లదగ్గ దారులేవో గుర్తించి, తెలుగులో బోర్డులు పెట్టించండి. దిబ్బల మీదికి, గుడ్ల కాలంలో ఇసుక మీదికి ఏ బండినీ రానివ్వకండి. వాన పడ్డాక రెండు రోజులు మట్టిదారులు మూయించండి. తోటి రైడర్లకు నచ్చజెప్పే పని నాది. బోర్డులు పాతడానికి గునపాలతో సహా మేమే వస్తాం.

ఇట్లు,
విశాఖ బైక్ రైడర్ ఒకడు