కువైట్ నుంచి తమ్ముడికి

తమ్ముడికి అక్క రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మొన్న నువ్వు అన్న మాటలకి ఫోన్లోనే జవాబు చెప్పేదాన్ని గానీ, ఇలాంటివి ఎత్తితే నువ్వు మాట దాటేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాన్న పోయినప్పుడు "మంచి చోటుకే వెళ్ళాడు, ఏడవకూడదు" అని అందరూ అన్నారని నీకు కోపం. ఆ కోపం న్యాయమే. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే ఏడ్చాడు కదరా. కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. బైబిల్లో థెస్సలొనీకయులకు పత్రిక రాసినప్పుడు అపొస్తలుడు పౌలు నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్ళలా దుఃఖపడొద్దన్నాడే గానీ, అసలు దుఃఖపడొద్దనలేదు. మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడికల్లో మైకు పట్టుకున్నవాళ్ళు సగం వాక్యం మింగేస్తారు, ఏం చేస్తాం. నీకు ఏడుపొస్తే ఏడ్చెయ్. ఈస్టరు నాడు మాత్రం తెల్లవారుజామున లేచి అందరితో సమాధుల తోటకి వెళ్ళు. ఆ ఆరాధన మందిరంలో కాకుండా అక్కడే ఎందుకు పెడతారో ఈసారి తెలుస్తుంది, ఇప్పుడు అక్కడ మన మనిషి ఉన్నాడు కాబట్టి.

రెండోది, పరలోకం అనేది పేదవాళ్ళ నోరు మూయించడానికి పెట్టిన మాట అన్నావు. అలా వాడుకున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ కొలొస్సయుల పత్రికలో అదే మాట యజమానుల మీదికి తిరిగింది. పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడు, పనివాళ్ళకు న్యాయం చెయ్యండి అని. యాకోబు తన పత్రికలో ఇంకా ఘాటుగా, బిగబట్టిన కూలి డబ్బే మొర పెడుతోందన్నాడు. ఇక్కడ నేను పనికి కుదిరిన మొదటి ఇంట్లో నాకు నెలల తరబడి జీతం ఆపినప్పుడు ఆ వాక్యం చదువుకునే వెళ్ళి ఫిర్యాదు రాయించాను. నోరు మూయించే మాటే అయితే నేను వెళ్ళేదాన్నా?

ఇక్కడ సెలవు శుక్రవారం, అందుకని మా ఆరాధనా శుక్రవారమే. కువైట్ సిటీలో వెనకటి అమెరికన్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన చర్చి ఉంది. ఒకే ఆవరణలో అరబ్బీ, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవాళ్ళు, ఎవరి టైం వాళ్ళది. మన పౌరస్థితి పరలోకమందున్నది అనే వాక్యం చదవగానే మావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. ఎన్నేళ్ళు పనిచేసినా ఈ దేశంలో మాలాంటివాళ్ళకి పౌరసత్వం రాదు, అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రెన్యువల్ అయ్యేదాకా టెన్షనే. పౌలు ఆ మాట రాసింది ఫిలిప్పీ వాళ్ళకి. ఆ ఊరు రోమా వాళ్ళ కాలనీ. రోముకి అంత దూరాన మాసిదోనియలో ఉండి కూడా రోమా పద్ధతిలోనే బతికేవాళ్ళు. అంటే మూట సర్దుకుని ఎప్పుడు పోదామా అని కూర్చోమని కాదు, ఉన్నచోటే ఆ పైనున్న ఊరి పద్ధతిలో బతకమని.

ఇప్పుడు నేను చూసుకుంటున్న ముసలామెకి మతిమరుపు జబ్బు. రోజూ పొద్దున్నే నువ్వెవరని అడుగుతుంది. నమాజు మొదలుపెట్టి, ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయి, మళ్ళీ మొదట్నుంచి చేస్తుంది. పడిపోకుండా నేను పక్కన నిలబడతాను. అన్నం మెత్తగా పిసికి పెడితే శుభ్రంగా తిని, కాసేపటికి ఈ పిల్ల నాకు తిండే పెట్టలేదని కూతురికి చెబుతుంది. కూతురికి సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది. చేసిందేదీ చేయించుకున్న మనిషికే గుర్తుండదు. పునరుత్థానం గురించి మొదటి కొరింథీ 15లో అంత రాసి, చివరికి పౌలు ఏం తేల్చాడో చూడు: ప్రభువులో మీ ప్రయాసం వ్యర్థం కాదు, కాబట్టి స్థిరంగా పని చేస్తూ ఉండండి. పరలోకంలో ఉంటాయనే బంగారు వీధులకంటే నాకు ఆ వాక్యమే పనికొస్తుంది. ఆమెకి తల దువ్వేటప్పుడు అదే అనుకుంటాను, ఇది లెక్కలోకి వస్తుందని.

ఇక అమ్మ సంగతి. నీది ఒక దారి, ఆవిడది ఇంకో దారి. శుక్లాల ఆపరేషన్ అంటే "పైకెళ్తే ఎలాగూ కొత్త కళ్ళిస్తాడు, ఈ వయసులో నాకెందుకే" అంటోంది. యోహాను 9వ అధ్యాయం చదివి వినిపించు. పుట్టుగుడ్డివాణ్ణి యేసు పరలోకం దాకా ఆగమన్నాడా? ఉమ్మితో బురద చేసి, కళ్ళకి పూసి, అప్పటికప్పుడు సిలోయం కోనేటికి పంపాడు. డబ్బులు నీ అకౌంట్లో వేశాను. ముందు షుగర్ టెస్ట్ చేయించు. అయ్యాక చుక్కలు వేళకి వెయ్యి, డాక్టరు చెప్పేదాకా తలస్నానం వద్దు, పొయ్యి దగ్గరికి రానివ్వకు. నీ మాట వినదు, పిన్నిని తెచ్చి ఇంట్లో పెట్టుకో. తేదీ ఖాయమైతే మెసేజ్ పెట్టు, మేడమ్‌ని అడిగి ఆ పూట ఫోన్ దగ్గర ఉంచుకుంటాను.

ఇట్లు
అక్క